బొంగరంలా తిరిగిన ఫోన్: బ్యాటరీ మార్చుకున్న 34 రోజులు

2025 మార్చి 3, సోమవారం రాత్రి. బల్ల మీద పెట్టిన ఫోన్‌కి పొరపాటున మోచెయ్యి తగిలింది. అది జారలేదు, గిర్రున తిరిగింది. బొంగరంలా ఒక చుట్టు చుట్టి ఆగింది. నాలుగున్నరేళ్ళుగా నా దగ్గరున్న ఫోన్ అది, ఏనాడూ అలా తిరగలేదు. చదునుగా ఉండాల్సిన వీపు మధ్యలో ఉబ్బితే తప్ప అలా తిరగదన్న సంగతి తట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కవర్ తీసి చూస్తే కుడివైపు అంచున వెనక అద్దానికీ ఫ్రేముకీ మధ్య గోరు దూరేంత సందు.

పది రోజుల ముందు నుంచే సూచనలు ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. కవర్ ఒక మూల పదే పదే ఊడి వస్తుంటే చవక కవర్ అని తిట్టుకున్నాను. 30 శాతం దగ్గర ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంటే అప్‌డేట్ మహిమ అనుకున్నాను. పాపం, ఆ రెండింటి తప్పూ లేదు.

నెట్‌లో ఇలా ఉబ్బిన బ్యాటరీలకి ‘స్పైసీ పిల్లో’ అని ముద్దుపేరు. ఘాటు దిండు అన్నమాట. ఫోటోలు పెట్టుకుని జోకులు వేసుకుంటారు, నేనూ ఆ జోకులకి నవ్వినవాణ్ణే. దిండు మన జేబులోనే ఉందని తెలిశాక మాత్రం నవ్వు రాలేదు. బ్యాటరీ లోపలి ఎలక్ట్రోలైట్ వయసు మీద పడి, వేడి తగిలి విచ్ఛిన్నమైతే వాయువులు పుడతాయి. బ్యాటరీ అంటే రేకు సంచీలాంటిదే కాబట్టి అవి బయటికి పోలేక సంచీ ఉబ్బుతుంది. వాటిలో మండే వాయువులు కూడా ఉంటాయి. ‘సూదితో ఒక్క పోటు పొడిస్తే గాలి పోతుంది, మళ్ళీ మామూలే’ అని ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు. దాని కింద బోలెడు లైకులు. దయచేసి పొడవకండి.

ఫోన్ ఆపేశాను. ఆపిన అరగంటకి అసలు చిక్కు తెలిసింది. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ అందులో ఉంది. అది తీసి, దీనికి ముందు వాడిన పాత ఫోన్‌లో వేస్తే సరిపోతుంది, వేశాను. కానీ మెయిల్‌కీ, ఆఫీసు లాగిన్‌కీ ఆరంకెల కోడ్ ఇచ్చే యాప్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంది. అది సిమ్‌తో పాటు రాదు. ఫోటోల బ్యాకప్ ఎప్పుడో జనవరిలో నిండిపోయి ఆగిపోయిందట. ‘స్టోరేజీ నిండింది’ అన్న నోటిఫికేషన్‌ని రోజూ పక్కకి తోసిన వేలు నాదే.

కాబట్టి మర్నాడు పొద్దున్న ఒక పిచ్చి పని, ఆలోచించే చేశాను. దగ్గర్లో కాగితం, బట్ట ఏదీ లేకుండా నేల మీద ఫోన్ పెట్టి, పక్కన పొడి ఇసుక పోసిన బకెట్ పెట్టుకుని, ఛార్జింగ్ పెట్టకుండా ఆన్ చేశాను. 41 శాతం ఉంది. కోడ్‌ల యాప్‌ని పాత ఫోన్‌కి మార్చడానికి నాలుగు నిమిషాలు, ఫోటోలు వైఫై మీద లాప్‌టాప్‌కి పంపడానికి గంటా పది నిమిషాలు. ప్రతి అయిదు నిమిషాలకీ వెనక వైపు చెయ్యి పెట్టి వేడి చూస్తూ కూర్చున్నాను, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు. అయ్యేసరికి ఛార్జ్ 22 శాతానికి దిగింది. అదీ మంచికే అయింది. ఫోన్ విప్పే ముందు బ్యాటరీ 25 శాతం లోపు ఉండాలని అంటారు. నిల్వ ఉన్న శక్తి ఎంత తక్కువైతే, ఏదైనా జరిగినప్పుడు మంట కూడా అంత తక్కువ.

మార్చి 5న అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. టోకెన్ తీసుకున్నాక గంటన్నరకి పిలిచారు. కౌంటర్‌లో అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: ‘‘సార్, అద్దం లేచింది కదా, బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. వెనక అద్దం కూడా మార్చాలి. పార్టు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. డేటా పోతే మాకు సంబంధం లేదని ఇక్కడ సంతకం పెట్టండి.’’ మొత్తం కలిపితే అదే స్థాయి కొత్త ఫోన్ ధరలో మూడో వంతు. నాకు కోపం రాలేదు, ఆయన చెప్పిన ప్రతి ముక్కకీ కారణం ఉంది. కానీ బ్యాటరీ ఉబ్బడం వల్లే లేచిన అద్దానికి, బ్యాటరీతో పాటు అద్దం డబ్బు కూడా నేనే ఎందుకు ఇవ్వాలో మాత్రం అర్థం కాలేదు. సంతకం పెట్టకుండా వచ్చేశాను.

ఇంట్లో తమ్ముడు, ‘‘అన్నయ్యా, కొత్తది కొనుక్కోక ఈ గోలంతా ఎందుకు?’’ అన్నాడు. సమాధానం లేదు. ఫోన్ బాగుంది, తెర బాగుంది, కెమెరా బాగుంది, కడుపు మాత్రం ఉబ్బింది. అందుకని మొత్తం ఫోన్‌నే పారేయడానికి మనసు రాలేదు. అంతే.

మార్చి 6న బ్యాటరీ ఆర్డర్ పెట్టాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఫోన్ మోడల్ పేరు కొట్టి, వచ్చిన వాటిలో మంచి రేటింగ్ ఉన్నది ఎంచుకున్నాను. ఒకే పేరుతో అమ్మిన ఫోన్‌కి లోపల రెండు మూడు రకాలు ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో కనిపించే మోడల్ నంబర్ చివరి అక్షరం తేడా అయితే బ్యాటరీ కూడా తేడా కావచ్చు. అసలు నమ్మాల్సింది బ్యాటరీ మీదే అచ్చేసి ఉండే కోడ్‌ని. దాన్ని చూడాలంటే ఫోన్ విప్పాలి. ఫోన్ విప్పాలంటే కొత్త బ్యాటరీ చేతిలో ఉండాలి కదా అని నేను ముందు ఆర్డర్ పెట్టాను. విప్పి, కోడ్ చూసి, ఆ తర్వాత ఆర్డర్ పెట్టడమే సరైన పద్ధతి అని ఇప్పుడు తెలుసు.

ఒక మోసం మాత్రం తప్పించుకున్నాను. అసలు బ్యాటరీ కంటే నలభై శాతం ఎక్కువ ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని రాసి అమ్మేవి చాలా కనిపించాయి. అదే పొడవు, అదే వెడల్పు, అదే మందంలో అంత ఎక్కువ ఎలా పడుతుంది? స్టిక్కర్ మీద అంకె రాయడానికి సిరా ఖర్చు తప్ప ఏం కాదు.

నాలుగు రోజుల్లో వస్తుందన్నారు, పదకొండు రోజులు పట్టింది. ట్రాకింగ్ పేజీ రోజుకి పదిసార్లు తెరిచి, ‘దారిలో ఉంది’ అన్న ఒకే మాట చదివి మూసేవాణ్ణి. తర్వాత తెలిసిందేమిటంటే, విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. సరుకు విమానాల్లో పంపాలన్నా ఛార్జ్ 30 శాతానికి మించకూడదు. నా పార్సిల్ రోడ్డు మీద నిదానంగా వచ్చింది. డబ్బా మీద మంటల బొమ్మ, యూఎన్ 3480 అన్న నంబర్. ఆ నంబర్ ఉంటే లోపల ఉన్నవి విడి లిథియం అయాన్ బ్యాటరీలని అర్థం. బ్యాటరీ ఆర్డర్ పెట్టేవాళ్ళు చెప్పిన రోజులకి రెండు రెట్లు అనుకుంటే టెన్షన్ ఉండదు.

మార్చి 17న అది వచ్చింది. వారం మధ్యలో తలపెట్టే పని కాదు కాబట్టి శనివారం దాకా ఆగాను. ఆ అయిదు రోజుల్లో అదే ఫోన్‌ని విప్పే వీడియోలు ఏడో ఎనిమిదో చూసి ఉంటాను. అన్నిట్లోనూ ఒకటే వరస: హుషారైన సంగీతం, వేడి గాలి మిషన్, రెండు చేతులు, పన్నెండు సెకన్లలో అద్దం ఊడి వచ్చేస్తుంది. మధ్యలో కత్తిరించిన అరగంట ఎవరూ చూపించరు. ఒక వీడియో కింద మాత్రం ఎవరో మూడే మూడు మాటలు రాశారు: ‘పొడుగు స్క్రూ జాగ్రత్త’. దానికి లైకులు లేవు, జవాబులు లేవు. ఎందుకో కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

మార్చి 22, శనివారం, ఉదయం పదింటికి మొదలుపెట్టాను.

వీడియోల్లో చెప్పని చిక్కు మొదటి నిమిషంలోనే ఎదురైంది. వెనక అద్దాన్ని పట్టుకుని ఉండేది జిగురు. జిగురు మెత్తబడాలంటే వేడి కావాలి. ఉబ్బిన బ్యాటరీకి తగలకూడనిది వేడే. ఆ వీడియోలన్నీ మామూలు బ్యాటరీ మార్చేవాళ్ళవి, నాలాంటి దిండు గాళ్ళవి కావు. అందుకే హెయిర్ డ్రయ్యర్ పక్కన పెట్టేసి, వేడి లేకుండానే జిగురు పట్టు సడలించే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకున్నాను. రిపేరు వాళ్ళు ఐపీఏ అనేది దీన్నే. సిరంజితో సందులో రెండు చుక్కలు వేయడం, నిమిషం ఆగడం, పల్చటి ప్లాస్టిక్ పిక్ రెండు మిల్లీమీటర్లు జరపడం, మళ్ళీ రెండు చుక్కలు. కుడివైపు బ్యాటరీయే అద్దాన్ని లేపి సగం పని చేసి పెట్టింది, పది నిమిషాల్లో అయిపోయింది. మిగతా మూడు వైపులకీ గంటన్నర. పిక్ లోపలికి ఎక్కువ దూరిస్తే బ్యాటరీకి గుచ్చుకుంటుందని భయం, తక్కువ దూరిస్తే జిగురు తెగదు. మధ్యలో ఒకసారి ‘టక్’మని శబ్దం వచ్చింది, అద్దం పగిలిందనుకున్నాను. జిగురు తెగిన శబ్దమట అది. ఆ తర్వాత అదే శబ్దం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

బ్యాటరీ లీకయితే తియ్యటి వాసన వస్తుందనీ, వస్తే వెంటనే ఆపి గాలి ఆడేచోటికి తీసుకెళ్ళాలనీ చదివి ఉన్నాను. గదంతా ఐపీఏ వాసన నిండి ఉంటే అందులో తియ్యనిదేదో, కానిదేదో ముక్కుకి ఎలా తెలుస్తుంది? రెండుసార్లు అనుమానం వచ్చి ఫోన్‌ని ట్రేతో సహా బాల్కనీలోకి పరిగెత్తించాను. రెండుసార్లూ ఉత్తిదే. అందుకని కిటికీ పక్కనే కూర్చుని చెయ్యడం మంచిది.

అద్దం లేచాక లోపల పదకొండు స్క్రూలు. తెల్లకాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే కాగితంలో గుచ్చాను. అప్పుడు చూస్తే పదకొండింట్లో మూడు ఒకటిన్నర రెట్లు పొడుగు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది కిందనున్న సర్క్యూట్ బోర్డులోకి దిగి లోపలి తీగలని తెంపేస్తుంది, అంతటితో ఫోన్ కథ ముగుస్తుంది. ఆ మూడు మాటల కామెంట్ అర్థం అప్పుడు తెలిసింది. రాసినవాళ్ళు ఎవరో గానీ ఒక బోర్డు పోగొట్టుకునే రాసి ఉంటారు.

మిగతా వేటినీ ముట్టుకోకముందే ప్లాస్టిక్ పుల్లతో బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. బ్యాటరీ కింద కూడా జిగురు టేపే. పట్టుకుని లాగడానికి ఇచ్చిన తోక లాగగానే తెగిపోయింది. ఎవరిదైనా సరిగ్గా తెగకుండా వచ్చిందా అని నాకు అనుమానం. మళ్ళీ ఐపీఏ, అయిదు నిమిషాలు ఆగడం, పాత ప్లాస్టిక్ కార్డు. బ్యాటరీని వంచకూడదు, గీకకూడదు, పొడవకూడదు. ఇరవై అయిదు నిమిషాలకి అది కదిలింది. చేతిలోకి తీసుకుంటే నిజంగానే దిండులా ఉంది. కనెక్టర్‌కి టేపు చుట్టి స్టీలు డబ్బాలో ఇసుక మధ్య పెట్టి బాల్కనీలో ఉంచాను. ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి మూడు నిమిషాలే. కొత్త బ్యాటరీ గుంటలో అతికినట్టు సరిపోయింది కానీ దాని కనెక్టర్ తీగ ఎడమ పక్కన ఉంది. బోర్డు మీద సాకెట్ కుడి పక్కన. తిప్పి పెట్టినా అందదు. పాత బ్యాటరీ మీది కోడ్ చూస్తే చివరి రెండు అక్షరాలు వేరు. ఆ నిమిషంలో ఎలా అనిపించిందో సరిగ్గా చెప్పలేను. పరీక్ష హాల్లో కూర్చున్నాక అది మన సబ్జెక్టు కాదని తెలిసినట్టు ఉంది.

అదే రోజు సరైన కోడ్‌తో రెండోది ఆర్డర్ పెట్టాను. మొదటిదాన్ని వెనక్కి పంపుతానంటే అమ్మకందారు తీసుకోనన్నాడు. బ్యాటరీ ప్రమాదకర సరుకు, మామూలు కొరియర్‌లో వెనక్కి రాకూడదట. నాలుగు మెసేజ్‌లు, మూడు ఫోటోల తర్వాత సగం డబ్బు తిరిగి ఇచ్చి, బ్యాటరీ మీరే ఉంచుకోండి అన్నాడు. అలా నా దగ్గర పనికిరాని బ్యాటరీలు రెండయ్యాయి.

తర్వాతి రెండు వారాలు ఫోన్ ముక్కలుగా చెప్పుల డబ్బాలో ఉంది. పాత ఫోన్‌లో కీబోర్డు అక్షరం నొక్కితే సెకను తర్వాత కనిపించేది. దాంతో పొడుగు జవాబులు మానేసి అందరికీ ‘సరే’, ‘ఊ’ అని పంపాను. ఎవరూ ఏమీ అనుకోలేదు, అది కొంచెం ఆలోచించాల్సిన విషయమే. ఖాళీగా ఉండి ఫోన్ వార్తలు చదువుతుంటే ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం కంటపడింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతిలో పట్టే వస్తువుల్లో బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలి; వేడి గానీ, ద్రావకాలు గానీ వాడాల్సిన అవసరం రాకూడదు. మినహాయింపులు ఉన్నాయి, అది వేరే సంగతి. అయినా ‘వేడి, ద్రావకాలు’ అన్న ఆ రెండు మాటలు చదివి, రాసినవాళ్ళు కూడా ఎప్పుడో పిక్ పట్టుకుని కూర్చున్నవాళ్ళే అనిపించింది. దాని కింద కామెంట్లు మాత్రం ఎప్పుడూ ఉండేవే: పాత రోజుల్లో గోరుతో వెనక డొప్ప తీసి బ్యాటరీ మార్చేవాళ్ళం అని ఒక వర్గం, నీళ్ళలో పడ్డా బతికే ఫోన్ కావాలంటే జిగురు తప్పదని ఇంకో వర్గం. మొదటి వర్గం జ్ఞాపకాలతో, రెండో వర్గం స్పెక్ షీటుతో కొట్టుకుంటున్నాయి. నా బాల్కనీలో ఇసుక డబ్బా ఎవరికీ పట్టలేదు.

దాని సంగతి కూడా చెప్పాలి. ఈ-వ్యర్థాల పెట్టెలో వేసేద్దామని తీసుకెళ్తే, ఉబ్బినవీ దెబ్బతిన్నవీ ఇందులో వేయరాదు అని పెట్టె మీదే రాసి ఉంది. తిరిగొచ్చి సేకరణ కేంద్రానికి ఫోన్ చేశాను. మనిషి చేతికి ఇవ్వాలి, ముందే చెప్పాలి, ఇసుకతోనే తేవాలి అన్నారు. మార్చి 29న ఇచ్చి వచ్చాను. అక్కడి ఆయన డబ్బా తెరిచి చూసి, ‘‘ఇది చిన్నదే లెండి’’ అన్నాడు. దాదాపు నాలుగు వారాల నా భయం ఆయనకి చిన్నదే.

ఏప్రిల్ 2న రెండో బ్యాటరీ వచ్చింది. ఈసారి డబ్బా విప్పగానే కోడ్ చూశాను, తీగ ఎటుందో చూశాను, తయారీ తేదీ చూశాను. ఏప్రిల్ 5, శనివారం, మళ్ళీ కిటికీ పక్కన కూర్చున్నాను. పాత జిగురు గీకి తుడవడానికే నలభై నిమిషాలు పట్టింది. బ్యాటరీ పెట్టి కనెక్టర్ నొక్కి, అద్దం అతికించకుండానే పవర్ బటన్ పట్టుకున్నాను. అతికించే ముందు పరీక్షించాలన్న బుద్ధి మాత్రం వచ్చింది. ఏమీ లేదు. నల్ల తెర. ఇంకోసారి. నల్ల తెర. ఛార్జర్ పెట్టినా నల్ల తెరే. చేతులు చల్లబడ్డాయి. ఏ తీగ తెంపానో, ఏ చుక్క ఎక్కడికి జారిందో అని ఇరవై నిమిషాలు టార్చి వేసి వెతికాను. ఆఖరికి చూస్తే కనెక్టర్ ఒక అంచు వెంట్రుకవాసి లేచి ఉంది. వేలితో నొక్కితే ‘టిక్’ అంది. లోగో వచ్చింది.

అయిపోయిందనుకుంటే తెర మీద తేదీ 1970 జనవరి 1. రెండు వారాలు బ్యాటరీ లేకపోవడంతో లోపలి గడియారం ఆగిపోయి లెక్క మొదటికి పోయింది. ఫోన్లు కాలాన్ని ఆ రోజు నుంచే లెక్కపెడతాయి. అంతవరకు తమాషాగానే ఉంది. కానీ తేదీ తప్పయితే వెబ్‌సైట్లు సురక్షితం కావని తిట్టాయి, చాట్ యాప్ తెరుచుకోనంది. ఒకవేళ కోడ్‌ల యాప్ ఇందులోనే ఉండి ఉంటే అదిచ్చే కోడ్‌లూ చెల్లేవి కావు, ఎందుకంటే అవి సమయాన్ని బట్టే పుడతాయి. సిమ్ వేశాక గడియారం సరిపోయింది, అన్నీ దారికొచ్చాయి.

స్క్రూలన్నీ బిగించాక కాగితం మీద ఒకటి మిగిలింది. కెమెరా పక్కది, పొట్టిది. మళ్ళీ పై రేకు తీసి బిగించాను. అద్దానికి కొలతకి కోసిన టేపు అతికించి, మీద నాలుగు లావు పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేశాను. నీళ్ళు తట్టుకునే గుణం పోయిందనే అనుకుని వాడుతున్నాను. ఫ్యాక్టరీలో వేసిన సీల్‌ని ఇంట్లో నాలుగు పుస్తకాలతో తేలేం. మొదటి రెండు రోజులు ఛార్జ్ అంకెలు 58 నుంచి 49కి దూకుతూ పిచ్చిగా ఉన్నాయి, మూడు నాలుగుసార్లు బాగా దించి పూర్తిగా నింపాక కుదురుకున్నాయి. ఇప్పుడు రాత్రి పడుకునేసరికి 40 శాతం మిగులుతోంది.

ఖర్చు: రెండు బ్యాటరీలు (ఒకదానికి సగం తిరిగొచ్చింది), స్క్రూడ్రైవర్లు, పిక్‌లు, ఐపీఏ, టేపు అన్నీ కలిపితే సర్వీస్ సెంటర్ చెప్పినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. మొదటిసారే సరైన కోడ్ చూసి ఉంటే ఇంకా తక్కువలో అయిపోయేది. ఫోన్ మీద చెయ్యి పెట్టిన సమయం రెండు శనివారాలూ కలిపి ఆరు గంటలు. మిగతాదంతా ఎదురుచూపే.

ఇంకొకటి ఉంది. అద్దం మూసే తొందరలో కెమెరా అద్దం లోపలి వైపు నా వేలు తగిలినట్టుంది. పగలు ఏమీ తెలియదు. రాత్రి ఫోటో తీస్తే ప్రతి దీపం చుట్టూ పల్చటి వలయం, జాగ్రత్తగా చూస్తే అందులో వేలిముద్ర గీతలు కూడా. తమ్ముడు చూసి, ‘‘ఏదో ఫిల్టరా అన్నయ్యా, బాగుంది’’ అన్నాడు. అవునన్నాను. మళ్ళీ విప్పడం మాత్రం నా వల్ల కాదు.